స్టంప్ మైక్‌లో వినిపించినవి, వినిపించనివి

మా నాన్నకి ఇంగ్లీష్ కామెంటరీ అర్థం కాదు. మ్యాచ్ ఉన్నప్పుడల్లా నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పాల్సిందే. 2021 జనవరి 11, ఆస్ట్రేలియాతో సిడ్నీ టెస్ట్ ఆఖరి రోజు కూడా అంతే. స్టంప్స్ దగ్గర పెట్టే మైక్‌లో ఆటగాళ్ల మాటలు టీవీలో వినిపిస్తున్నాయి.

"ఆ కీపర్ అశ్విన్‌తో ఏమంటున్నాడ్రా?"

"నిన్ను ఎప్పుడెప్పుడు గబ్బాకి, అదే తర్వాతి టెస్ట్ జరిగే బ్రిస్బేన్ గ్రౌండ్‌కి, రప్పిద్దామా అని చూస్తున్నా అంటున్నాడు నాన్నా. నువ్వు ఇండియా రా, అదే నీ ఆఖరి సిరీస్ అవుతుందని అశ్విన్ అన్నాడు."

నాన్న తొడ చరిచి నవ్వారు. కాసేపటికే అదే కీపర్ టిమ్ పెయిన్, మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి క్యాచ్ వదిలేశాడు. ఇద్దరం ఒక్కసారే లేచి నిలబడ్డాం.

ఆ బ్యాటింగ్ గుర్తొస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. విహారికి తొడ కండరం పట్టేసింది, పరుగెత్తలేడు. అశ్విన్‌కి నడుము నొప్పి. ఔట్ కాకుండా ఆట ముగిసేదాకా నిలబడితే చాలు, ఓటమి తప్పుతుంది. బాల్ బ్యాట్‌కి తగిలి అక్కడే పడిపోతోంది, ఇద్దరూ కదలరు. అశ్విన్ తమిళంలో ధైర్యం చెబుతూనే ఉన్నాడు. విహారి 161 బంతుల్లో 23, అశ్విన్ 128 బంతుల్లో 39, ఇద్దరూ నాటౌట్. మ్యాచ్ డ్రా. మర్నాడు పెయిన్ తన ప్రవర్తనకి క్షమాపణ చెప్పాడు. నాకైతే ఆ మాటల మీద కోపం లేదు. ఎదురుగా నిలబడి అన్నాడు, ఎదురుగానే జవాబు తీసుకున్నాడు. అది ఆటలో భాగమే.

ఆ ఆఖరి రోజుకి ముందు రోజు జరిగింది మాత్రం ఆట కాదు. బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్న మన హైదరాబాద్ సిరాజ్ అంపైర్ల వైపు నడిచొచ్చాడు. ఆట ఆగింది. స్టాండ్స్ లోంచి ఆరుగురిని బయటికి పంపారు. మన ఆటగాళ్ల మీద జాత్యహంకార దూషణ జరిగిందని అక్కడి బోర్డు క్రికెట్ ఆస్ట్రేలియా కూడా తర్వాత ఒప్పుకుంది. ఆటో నడిపి పెంచిన తండ్రి నవంబర్‌లో చనిపోతే, ఇంటికి కూడా రాకుండా అక్కడే ఉండిపోయిన కుర్రాడు వాడు.

"ఆ అబ్బాయిని ఏమన్నార్రా?" అని నాన్న అడిగారు. తర్వాత చదివి తెలుసుకున్నాను, కానీ ఆ మాటలు మాత్రం నాన్నకి తెలుగులో చెప్పలేదు. నోరు రాలేదు.

గబ్బాలో రెండో ఇన్నింగ్స్‌లో సిరాజ్ 5 వికెట్లు తీశాడు. మనం గెలిచాం. హైదరాబాద్‌లో దిగి ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు. ఆ వార్త నాన్న తెలుగు పేపర్లో తనే చదువుకున్నారు, రెండుసార్లు.