పన్నెండు సెకన్లలో అత్తయ్య

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

ఇంట్లో అందరూ పడుకున్నారు. కంప్యూటర్ తెర మీద అత్తయ్య ముఖం ఉంది. కళ్ళు తెరిచి ఉన్నారు. ఈ ఒక్క మాట రాయడానికే ఇంత రాత్రివేళ డైరీ తీశాను.

మా పెళ్ళి ఆల్బంలో అత్తయ్య ఉన్న ఫొటోలు ఇరవై మూడు. పంతొమ్మిదింటిలో ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. మిగిలిన నాలుగింటిలో ఎవరినో పలకరిస్తూ పక్కకు తిరిగి ఉన్నారు. కెమెరా పట్టడం నేర్చుకున్నాకే నాకు దాని కారణం తెలిసింది. అసలు ఫ్లాష్ వెలిగే ముందు, వెలుతురు ఎంత కావాలో కొలుచుకోవడానికి చాలా కెమెరాలు ఒక చిన్న మెరుపు మెరిపిస్తాయి. రెప్ప చురుకుగా ఉన్నవాళ్ళకు ఆ మొదటి మెరుపుకే కన్ను మూతపడుతుంది. రెండో మెరుపులో బొమ్మ పడేసరికి కళ్ళు మూసుకునే ఉంటాయి. ఇందులో ఆవిడ తప్పు ఏమీ లేదు. కానీ ఇన్నేళ్ళలో ఆవిడ మాత్రం "నా ముఖం ఫొటోకి పనికిరాదమ్మా" అని నమ్మేశారు. ఎవరైనా కెమెరా తీస్తే చాలు, వంటగదిలో పని గుర్తొస్తుంది. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉండేది.

పొద్దున విశేషాలు పెద్దగా లేవు. ఇడ్లీ పిండి పులవలేదు, ఉప్మా చేశాను. విజయవాడ ఆటోనగర్‌లో నేను లెక్కలు చూసే స్పేర్ పార్టుల దుకాణానికి ఆదివారం సెలవు. పన్నెండింటికల్లా వంట ముగించి, సత్యనారాయణపురంలోని ఈ ఇంటి వెనక గదిని చీకటి చేసే పనిలో పడ్డాను. కిటికీలకు దుప్పట్లు కట్టాను. తలుపు కింద సందులో పాత చీర కుక్కాను. అన్నీ మూశాక చూస్తే, మూలన ఇన్వర్టర్ మీద పచ్చ చుక్క వెలుగుతోంది. మామూలుగా దాన్ని ఎవరూ పట్టించుకోరు. ముప్పై సెకన్లు కన్ను తెరుచుకుని ఉండే కెమెరాకు మాత్రం ఆ చుక్క చాలు, గోడంతా పచ్చరంగు పూసేస్తుంది. దాని మీద నల్ల టేపు అంటించాను.

కదిలే దీపాలతో మనిషి బొమ్మ తీయాలన్న పిచ్చి పట్టి రెండు నెలలయింది. మొదట ప్రకాశం బ్యారేజీ మీద ప్రయత్నించాను. 1957 నాటి ఆ బ్యారేజీ మీద చీకటి పడ్డాక నిలబడితే, ఎదురొచ్చే బండ్ల తెల్ల దీపాలు ఒక పక్క, వెళ్ళిపోయే బండ్ల ఎర్ర దీపాలు ఒక పక్క. మా అమ్మాయిని కాలిబాట మీద నిలబెట్టి, కెమెరా కన్నుకు రెప్పలాంటి షట్టర్‌ను ఎనిమిది సెకన్లు తెరిచి, చివర్లో ఫ్లాష్ కొట్టాను. ఫ్లాష్ వెలుగు సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి ముఖం స్పష్టంగా నిలుస్తుంది, వెనక దీపాలు గీతలుగా సాగుతాయి. సూత్రం అంతే. కానీ బరువైన బండి వెళ్ళినప్పుడల్లా కాళ్ళ కింద సన్నగా వణుకు తెలిసేది. మనకు అది గాలిలాంటిదే, కెమెరాను నిలబెట్టే ట్రైపాడ్‌కు మాత్రం చాలు: గీతలన్నీ అలలు తిరిగాయి. పైగా వీధిదీపాల వెలుగు ఆ ఎనిమిది సెకన్లూ అమ్మాయి మీద పడుతూనే ఉంది. తను కాస్త ఒరిగిన ప్రతిచోటా పొగలాంటి ఇంకో అమ్మాయి కనబడింది. ఆ ఫొటోలు దాచుకున్నాను, కొన్ని నిజంగా అందంగా ఉన్నాయి. కానీ ముఖం కావాలంటే చీకటి కావాలని అక్కడే అర్థమయింది.

అందుకే ఈ గది.

మధ్యాహ్నం మొదట దీపాల సంగతి తేల్చుకున్నాం. పోయిన దీపావళికి కొన్న చవక సీరియల్ సెట్టు వెలిగించి, అమ్మాయి ఆ తీగ కొసను గాలిలో ఊపింది. ఫొటోలో గీత రాలేదు, వరసగా చుక్కలు వచ్చాయి, కుట్టుమిషను వేసిన కుట్టులా. మన కరెంటు సెకనుకు యాభై ఆవృత్తులు తిరుగుతుంది, ఆ లెక్కన ఇలాంటి దీపం సెకనుకు వందసార్లు హెచ్చి తగ్గుతుంది. దీపం నిలకడగా ఉన్నప్పుడు కంటికి ఆ సంగతి తెలియదు. కదిలిస్తే కెమెరాకు తెలిసిపోతుంది. చెయ్యి వేగం పెంచితే చుక్కలు ఎడం జరుగుతాయి, తగ్గిస్తే దగ్గరవుతాయి. అగరువత్తి నిప్పుతో గీస్తే సన్నని ఎర్రగీత వచ్చింది, తెగకుండా. ఆ నిప్పు చాలా మసకగా ఉంటుంది కాబట్టి ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే చురుకుదనం, 100 నుంచి 800కు పెంచాల్సి వచ్చింది. బ్యాటరీ టార్చి గీత కూడా తెగలేదు, కానీ అగరువత్తి గీతలో ఉన్న మెత్తదనం దానికి లేదు.

తరువాత అమ్మాయి గాలిలో అక్షరాలు రాసింది. మన అక్షరాల గుండ్రదనం ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. ఒ, ళ లాంటివి చెయ్యి ఎత్తకుండా సాగిపోతాయి. తలకట్టు ఉన్నవాటితోనే కష్టం. అక్షరం ముగిశాక బొటనవేలితో టార్చి మూసి, చీకట్లో అంచనాగా పైకి వెళ్ళి, మళ్ళీ తెరిచి తలకట్టు పెట్టాలి. కొన్ని తలకట్లు అక్షరాన్ని వదిలి జానెడు దూరంలో పడ్డాయి. కెమెరాకు ఎదురుగా నిలబడి రాస్తాం కాబట్టి అంతా తిరగబడి వస్తుంది. అక్షరాలు మాత్రమే ఉంటే ఫొటోను కంప్యూటర్‌లో అద్దంలోలా తిప్పేస్తే సరిపోతుంది. మనిషి కూడా ఉంటే అలా కుదరదు, చీర పమిట కుడి భుజం మీదికి వెళ్ళిపోతుంది.

1949లో పికాసో ఫ్రాన్సులోని తన ఊళ్ళో ఇలాగే చిన్న దీపంతో గాలిలో బొమ్మలు గీస్తే, ఫొటోగ్రాఫర్ జాన్ మిలి వాటిని పట్టుకున్నాడు. గీసిన బొమ్మ చెయ్యి దించేలోపే మాయమైపోతుంది, అది కాగితం మీద మాత్రమే మిగులుతుంది. ఆ ఫొటోలు చూసినప్పుడు అంత ధైర్యంగా గీత ఎలా గీశాడని ఆశ్చర్యపోయేదాన్ని. ఈరోజు మా అమ్మాయి 'ళ' రాస్తున్నప్పుడు మోచేతి నుంచి కాదు, భుజం నుంచి చెయ్యి తిప్పడం గమనించాను. గీత వణకకపోవడంలో రహస్యం అదేననిపించింది.

సాయంత్రం అత్తయ్య మల్లెలు, కనకాంబరాలు ముందేసుకుని మాల కడుతున్నారు. ఆవిడ వేళ్ళ వేగం చూస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. 1914 ప్రాంతంలో అమెరికాలో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ అనే దంపతులు పనివాళ్ళ చేతికి చిన్న బల్బులు కట్టి, షట్టర్ తెరిచి ఉంచి, చెయ్యి నడిచిన దారిని ఫొటోగా తీసేవారు. ఏ కదలిక అనవసరమో పట్టుకుని తీసేయడం వాళ్ళ ఉద్దేశం. మనమూ చూద్దామనిపించింది.

"చీకట్లో కట్టగలరా అత్తయ్యా?" అని అడిగాను.

"చూసి ఎప్పుడు కట్టానమ్మా?" అన్నారు.

తాళంచెవుల గుత్తికి ఉండే చిన్న దీపాన్ని రబ్బరు బ్యాండుతో ఆవిడ కుడి చూపుడువేలికి కట్టాను. గది చీకటి చేసి ముప్పై సెకన్లు తీశాను. ఫొటోలో చెయ్యి లేదు, పువ్వులు లేవు. చీకట్లో తెల్లని చుట్లు మాత్రం ఉన్నాయి, ఒక్కో ముడికి ఒక్కో చుట్టు, పక్కపక్కన, ఇంచుమించు ఒకే కొలతతో. మొత్తం పదకొండు. అది కూడా మాలలాగే ఉంది. అదే దీపం వేలికి కట్టుకుని అమ్మాయి ప్రయత్నిస్తే, ముప్పై సెకన్లలో రెండు ముడులు పడ్డాయి, గీత చిక్కుపడ్డ దారపుండలా వచ్చింది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను. అత్తయ్య చేతిలో తీసేయాల్సిన కదలిక ఒక్కటి కూడా లేదు. అరవై ఏళ్ళ అలవాటు అంటే కంటికి ఇలా కనబడుతుందని నాకు ఈరోజే తెలిసింది.

అత్తయ్య కళ్ళద్దాలు సర్దుకుని తెర దగ్గరగా చూశారు. "బాగుందమ్మా. ఇదంతా నేనేనా?"

"మీ చెయ్యే అత్తయ్యా."

"చెయ్యి సరే. నేనెక్కడ?"

ఆ ప్రశ్న కోసమే ఇన్నాళ్ళూ ఎదురు చూశానేమో. కుర్చీ తెచ్చి వేశాను. ఆవిడ లేచి వెళ్ళబోయారు. "వద్దమ్మా, రెప్ప పడిపోతుంది."

"పడనివ్వండి. ఎన్నిసార్లయినా పడనివ్వండి."

రెప్పపాటుకు పట్టే సమయం సెకనులో మూడో వంతు. పన్నెండు సెకన్ల ఫొటోలో మూడు నాలుగుసార్లు రెప్ప వేసినా, కన్ను తెరిచి ఉన్న సమయమే చాలా ఎక్కువ. మూతపడిన రెప్ప బొమ్మలో నిలవడానికి దాని మీద చాలినంత వెలుతురు పడదు. ఈ సంగతి ఆవిడకు చెబితే నమ్మలేదు, కానీ కూర్చున్నారు. ముందు టార్చి వేసి ఆవిడ కంటి మీద ఫోకస్ చేసుకుని, ఆ తరువాత ఆ ఫోకస్ కదలకుండా కెమెరాను చేత్తో సర్దే పద్ధతికి మార్చాను. లేకపోతే చీకట్లో కెమెరా ఫోకస్ కోసం వెతుక్కుంటూనే ఉంటుంది. లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, అంటే ఎపర్చరు, ఎఫ్ 8; ఐఎస్ఓ 100. టార్చి మూతికి పలచని తెల్లకాగితం చుట్టాం. టార్చి పని అమ్మాయిది. నా నల్ల చున్నీ కప్పుకుంది. తన మీద వెలుగు పడనంతవరకు, కెమెరాకు అడ్డంగా నడిచి వెళ్ళినా ఫొటోలో తను ఉండదు.

మొదటి ఫొటోలో టార్చి నుదుటి దగ్గర ఆగిపోయింది, వెలుగు ఎక్కువై బొట్టు కూడా తెల్లగా వెలిసిపోయింది. రెండోసారి అత్తయ్యకు నవ్వొచ్చింది. మూడోసారి టార్చి మరీ దగ్గరికి వచ్చింది. రెండడుగుల నుంచి ఒక అడుగుకు వస్తే వెలుగు రెట్టింపు అవుతుందనుకుంటాం, నాలుగింతలు అవుతుంది. నాలుగోసారి తల కొంచెం ఊగి ముక్కు రెండుగా వచ్చింది. 1839లో ఫొటోగ్రఫీ లోకానికి తెలిసిన కొత్తలో మనుషులు ఇంకా ఎక్కువసేపు కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది, తల ఊగకుండా వెనక ఇనుప ఊత పెట్టేవారు. మేం కుర్చీని గోడకు జరిపి, తల వెనక దిండు పెట్టాం.

ఐదోసారి నేను ఒకటి నుంచి పన్నెండు వరకు పైకి లెక్కపెట్టాను. నాలుగు వరకు ముఖం, పక్క నుంచి, కొంచెం పైనుంచి. ఏడు వరకు పైనుంచి జుట్టు. చివరి అంకెలకు ఒడిలో చేతులు. వెలుగు ఎప్పుడు ఎక్కడ పడితే అక్కడి క్షణమే ఫొటోలోకి వస్తుంది. ఆవిడ కళ్ళు మూడో సెకనువి, చేతులు పదో సెకనువి. కళ్ళలో కొంచెం బెరుకు ఉంది, చేతుల్లో లేదు. ఈలోగా ఆవిడ కుదుటపడ్డారు. ఒకే ఫొటోలో రెండూ ఉన్నాయి. ఇంతకంటే మంచి మనిషి బొమ్మ నేను ఎప్పుడూ తీయలేదు.

అత్తయ్యకు చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. "మా అమ్మలా ఉన్నాను" అన్నారు చివరికి. తరువాత వాళ్ళ అమ్మగారి గురించి భోజనాల దాకా చెబుతూనే ఉన్నారు.

రేపు దుకాణం నుంచి వచ్చేటప్పుడు గవర్నర్‌పేటలో ఆగి ప్రింటు వేయించాలి. పక్కన 'నానమ్మ' అని వెలుగుతో రాస్తానని అమ్మాయి పట్టుబట్టింది. పమిట తారుమారు కాకుండా ఉండాలంటే అక్షరాలు తిరగేసి రాయడం నేర్చుకోవాలి. అద్దం ముందు పలక పెట్టుకుని మొదలుపెట్టింది. అది వచ్చే ఆదివారం మాట.

ఇప్పుడు ఫొటోను పెద్దది చేసి చూస్తే ఇంకొకటి కనబడింది. అత్తయ్య రెండు కళ్ళలోనూ, నల్లగుడ్డు మీద వెంట్రుకంత సన్నని తెల్లగీత ఉంది, నెలవంకలా. టార్చి నడిచిన దారి అది. గీత మధ్యలో చిన్న వంకర ఉంది. దోమ కుట్టిందని అమ్మాయి చెయ్యి విదిలించింది సరిగ్గా అక్కడే.