జియావుద్దీన్ సర్దార్ విమర్శ, మన రొట్టెల పండుగ

ముస్లింల గురించి రాసే మేధావులలో కొందరు బయటివారు అల్లిన అపోహలను ఖండిస్తారు, మరికొందరు సమాజం లోపలి జాడ్యాలను ఎత్తిచూపుతారు. ఈ రెండు పనులనూ అర్ధశతాబ్దంగా కలిపి చేస్తూ వచ్చిన జియావుద్దీన్ సర్దార్ రచనలు, నెల్లూరులో పుట్టి పెరిగిన నాకు ఎంతో అవసరమైనవిగా తోచాయి.

ఆయన 1951లో పాకిస్తాన్ పంజాబ్‌లోని దీపాల్‌పూర్‌లో పుట్టి, లండన్‌లో పెరిగి, భౌతికశాస్త్రం చదివి, నేచర్, న్యూ సైంటిస్ట్ పత్రికలకు రాశారు. అయితే ఆయన విమర్శకు పదును పెట్టింది సౌదీ అరేబియాలోని జిద్దా నగరమని నా అభిప్రాయం. 1970లలో అక్కడి విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్పి సామీ అంగావీ స్థాపించిన హజ్ పరిశోధనా కేంద్రంలో చేరి, యాత్రికుల రాకపోకలనూ మక్కా నగరం మారిపోతున్న తీరునూ సుమారు ఐదేళ్లు దగ్గరగా పరిశీలించారు. ఆ తర్వాత కూడా మక్కాలో పాత కట్టడాల కూల్చివేతలు ఆగలేదు. ఒట్టోమన్ కాలపు అజ్యాద్ కోటను 2002లో పడగొట్టి, ఆ చోట 601 మీటర్ల గడియారపు భవనాన్ని లేపారు. 2014లో వెలువరించిన మక్కా చరిత్రలో సర్దార్ దీనిని కట్టడాల నష్టంగా మాత్రమే చూడలేదు. చరిత్రను తుడిచివేసినచోట ఇస్లాంలోని వైవిధ్యానికీ భిన్నాభిప్రాయానికీ చోటు మిగలదన్నది ఆయన ఆవేదన.

ఆ పుటలు చదువుతుంటే నా మనసు మా నెల్లూరు బారాషహీద్ దర్గా వైపు పోతుంది. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తే కోరుకునేవారు అందుకునే ఆ రొట్టెల పండుగకు హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. ఇది మతంలో లేదు, మానుకోండి అనేవారు మనవారిలోనే ఉన్నారు. వారి భక్తిని నేను శంకించను, కానీ విశ్వాసానికి ఒకే రూపం ఉండాలన్న పట్టుదల వల్ల ఈ ఊరు ఏమేమి పోగొట్టుకుంటుందో ఆలోచించమని వారిని వేడుకుంటాను.

పాశ్చాత్య ప్రపంచాన్నీ సర్దార్ విడిచిపెట్టలేదు. సల్మాన్ రష్దీ నవల ‘ద సెటానిక్ వర్సెస్’ రేపిన వివాదంపై మెరిల్ విన్ డేవిస్‌తో కలిసి 1990లో రాసిన గ్రంథంలో, ఆ నవల ముస్లింలను చిత్రించిన తీరును పాత వక్రీకరణల కొనసాగింపుగా విమర్శించారు. అయినా రష్దీని చంపాలంటూ ఇరాన్ నేత ఖొమైనీ ఇచ్చిన ఫత్వాను సమర్థించలేదు. అందరికీ వర్తించే ఒకే సత్యం లేదంటూ, అన్ని సంస్కృతులనూ ఆదరిస్తున్నట్లు కనబడే ఉత్తరాధునికత అనే ఆలోచనాధోరణి నిజానికి పాశ్చాత్య ఆధిపత్యానికే మరో రూపమని 1998లో వాదించారు. యాభైకి పైగా పుస్తకాలు రాసినందువల్ల కొన్నిచోట్ల పునరుక్తి తప్పలేదు గానీ, మక్కా గ్రంథంలో ఆ లోపం నాకు కనబడలేదు.

తెలుగులో ముస్లింవాద కవిత్వమూ కథా బలంగా వచ్చాయి. సంస్కృతిని ఇంత విస్తృతంగా పరిశీలించే విమర్శ వచనం ఇంకా విరివిగా రావాలి. సర్దార్‌ను తెలుగులోకి తేవడానికి అనువాదకులెవరైనా పూనుకుంటే, మక్కా గ్రంథంతోనే మొదలుపెట్టమని అడుగుతాను.