వాడు ఊరికే కూర్చోలేదు

పడుకుందామనే అనుకున్నా, కానీ సాయంత్రం క్రికెట్ నెట్స్ దగ్గర విన్న మాట ఇంకా బుర్రలో తిరుగుతోంది. "ఫీజు కట్టేది ఊరికే కూర్చోవడానికా మేడం?" అన్నాడు ఇంకో పిల్లోడి నాన్న. మా చిన్నోడు తన బ్యాటింగ్ అయ్యాక ప్యాడ్లు కూడా విప్పకుండా పెద్దపిల్లల నెట్ వెనకాల మట్టిలో కూర్చుని బౌలింగ్ చూస్తున్నాడు, అదీ వాడు చేసిన నేరం. ఆయన మాత్రం కొడుకు బ్యాట్ పట్టుకుంటే చాలు, ఫోన్లో వీడియో తీస్తూ "బంతి చూడ్రా, బంతి చూడు" అని ప్రతి బంతికీ అరుపే. అదీ బౌలర్ పరుగు అందుకున్నాక! ఆ పిల్లోడు పాపం బౌలర్ చెయ్యి చూడాల్సిన క్షణంలో నాన్న మొహం చూస్తాడు. కోచ్ సార్ ఆయన్ని ఏమీ అనడు, మావాణ్ణి మాత్రం "లే, రెండు రౌండ్లు కొట్టు" అంటాడు. నోటిదాకా వచ్చింది, అత్తమ్మ పక్కనుందని ఊరుకున్నా.

గుత్తి చిన్నాన్న ఉండుంటే ఊరుకునేవాడు కాదు. ఆయన బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాడు. పసుపు ఉన్ని బంతి, అటు ఐదుగురు ఇటు ఐదుగురు, ఆరుబయట మట్టి కోర్టు, ఇప్పటి పిల్లలు చాలామంది చూసి కూడా ఉండరు. సెలవులకు పోతే నన్ను సున్నం గీత పక్కన కూర్చోబెట్టేవాడు. అవతలివాడి బ్యాటుకు బంతి తగలకముందే చిన్నాన్న రెండడుగులు జరిగి ఉండేవాడు, బంతి అక్కడికే వచ్చేది. ఎట్ల తెలుస్తుంది చిన్నాన్నా అంటే, "బంతి వచ్చేసినాక చూసేదేముందమ్మా, వాని భుజం చూడు, మోచెయ్యి చూడు" అనేవాడు. తన ఆట లేనప్పుడు నా పక్కనే కూర్చుని పరీక్ష పెట్టేవాడు. అవతలివాడు చెయ్యెత్తగానే నేను "ముందు" అనో "వెనక" అనో అనాలి, బ్యాట్ తగిలాక అంటే లెక్కలోకి రాదు. మొదట్లో అన్నీ తప్పులే. సెలవులు అయిపోయేసరికి బాగానే కుదిరేవి, ఎట్ల కుదిరాయో చెప్పమంటే మాత్రం నాకు తెలిసేది కాదు.

దాదాపు ఇదే పరీక్షను 1980లలో బ్రూస్ అబర్నెతీ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు బ్యాడ్మింటన్‌లో చేశాడని తర్వాతెప్పుడో చదివి ఎంత సంతోషపడ్డానో. ఫిల్మును మధ్యలో ఆపేసి షటిల్ ఎక్కడ పడుతుందో చెప్పమన్నారు. కొత్తవాళ్లు రాకెట్‌నే నమ్ముకున్నారు, ఆరితేరినవాళ్లు దానికంటే ముందు కదిలే చేతిని కూడా పట్టుకున్నారు. క్రికెట్లోనూ అంతే కదా. గంటకు 140 కిలోమీటర్ల బంతి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి అర సెకను కూడా పట్టదు, కన్ను చూసింది చెయ్యి అందుకునేలోపే అందులో 0.2 సెకను పోతుంది. ఇంక బంతిని చూసి తేల్చుకునేదెప్పుడు?

ఇంతదాకా రాశాక అనిపిస్తోంది, "బంతి చూడు" అన్న మాటను అంత తీసిపారేయడానికీ లేదు. 2000లో మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లియోడ్ అనే ఇద్దరు పరిశోధకులు బ్యాట్స్‌మెన్ తలకు కెమెరా కట్టి, బౌలింగ్ మెషీన్ ముందు నిలబెట్టి చూపు ఎటు పోతోందో చూశారు. బంతి బయటికి రావడం చూస్తారు, ఆ వెంటనే కళ్లు బంతిని వదిలేసి అది నేల మీద పడబోయే చోటికి దూకుతాయి, అక్కడ కాచుకుని, పడ్డాక మళ్లీ కాసేపు దాని వెంట పోతాయి. బాగా ఆడేవాడి కళ్లు ఇంకా త్వరగా దూకాయట. అంటే బంతిని చూడాల్సిందే, మొదట్లోనూ చూడాలి, పడ్డాకా చూడాలి. మధ్యలో కళ్లు అలా దూకడం ఎవరూ నేర్పేది కాదు, పదకొండేళ్లవాడికి "ఇప్పుడు బంతి వదిలెయ్" అని చెబితే ఉన్న ఆట కూడా పోతుంది. చూసి చూసి రావాల్సిందే. మరి అలా చూసేవాణ్ణి లేపి పరుగెత్తిస్తే ఎట్లా? నా కోపం ఆ మాట మీద కాదు, బౌలర్ చెయ్యి తిరిగే సమయంలో ఆ అరుపేంటని, చూడటం అసలు పనే కాదనుకోవడం ఏంటని.

బండి మీద వస్తూ చిన్నోడు "అమ్మా, ఆ అన్న గూగ్లీ వేసేటప్పుడు చేతి వెనకభాగం మనవైపు కనిపిస్తుంది తెలుసా" అన్నాడు. గూగ్లీ అంటే లెగ్ స్పిన్‌లా కనిపించి అటు కాక ఇటు తిరిగే బంతి. దాన్ని ఎట్ల పట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు వాడికి. 2024 సెప్టెంబర్లో మన అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ జరిగినప్పుడు సైట్‌స్క్రీన్, అదే బౌలర్ వెనకాల ఉండే పెద్ద తెర, దాని వైపే కూర్చుందామని అంత మారాం చేసింది ఇందుకేనేమో.

రేపు సార్‌తో నేనే మాట్లాడతా. బ్యాటింగ్ అయ్యాక కాసేపు వాణ్ణి ఆ నెట్ వెనకాలే ఉండనివ్వమంటా, రౌండ్లు ఆ తర్వాత కొట్టించుకోమంటా. మా ఆయన వద్దంటున్నాడు, సార్ మనసులో పెట్టుకుంటాడని. పెట్టుకోనీ.