పాలు మానిన పిల్ల

మంగళవారం, రాత్రి 9:40

పాప పడుకుంది. అత్తయ్య ఇంకా లైటు కింద లేసు అల్లుతూనే ఉన్నారు. ఇవాళ్టి సంగతి ఇప్పుడే రాసుకోకపోతే రేపటికి మర్చిపోతానని నోటుబుక్కు తీశాను. పెద్ద విశేషమేమీ జరగలేదు. బడికి వెళ్ళాను, వచ్చాను. కానీ ఒక్క వాక్యం పొద్దున్నుంచీ నన్ను వదల్లేదు, నేనూ దాన్ని వదల్లేదు.

నాలుగున్నరకి మెలకువ వచ్చింది. పెరట్లో కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కొబ్బరి మట్టల మీద నుంచి మంచు చుక్కలు రేకుల మీద పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఈ వారమంతా 131వ కీర్తన పట్టుకున్నాను. యాత్రకీర్తనల్లో ఒకటి, మూడే మూడు వచనాలు. నిన్న మొదటిది అయింది. ఇవాళ రెండోది.

"నిశ్చయముగా నేను నా ప్రాణమును నిమ్మళపరచుకొని యున్నాను, సముదాయించుకొని యున్నాను. చనుపాలు విడిచిన పిల్ల తన తల్లియొద్దనున్నట్లు, చనుపాలు విడిచిన పిల్ల నాయొద్దనున్నట్లు నా ప్రాణము నాయొద్దనున్నది."

ఒక్క వచనంతో రోజంతా గడపొచ్చని కిందటేడాది నాకెవరైనా చెబితే, అది బద్ధకం అనుకునేదాన్ని. అప్పుడు నా లెక్క వేరు. బైబిల్లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. రోజుకి మూడు చొప్పున చదివి, ఆదివారాలు ఇంకో రెండు కలుపుకుంటే ఏడాదిలో పూర్తవుతుంది. చార్టు గీసి ఫ్రిజ్ మీద అంటించాను. చదవడం, టిక్కు పెట్టడం, కుక్కర్ పెట్టడం. సంఖ్యాకాండంలో లెక్కలన్నీ కూడా వదలకుండా చదివాను. చదివినందుకు నాకేం విచారం లేదు. కానీ నవంబరులో ఒక రాత్రి కువైట్ నుంచి ఆయన ఫోన్ చేసి, కంపెనీ జీతాలు ఆపేసిందని, ఎప్పుడిస్తారో చెప్పడం లేదని అన్నారు. ఫోన్ పెట్టేశాక మంచం మీద కూర్చుని, పట్టుకోవడానికి ఒక్క వాక్యం కోసం వెతుక్కున్నాను. పది నెలలుగా చదువుతున్నదాన్ని, ఒక్కటీ నోటికి రాలేదు. బుర్ర నిండా ఫీజులు, చీటీ డబ్బులు, బ్యాంకులో పెట్టిన గాజులు.

అప్పుడు చీకట్లో పక్క మంచం మీద నుంచి అత్తయ్య మొదలుపెట్టారు. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు." ఆవిడ చదివింది మూడో తరగతి. సండే స్కూల్లో నేర్చుకున్న కంఠత వాక్యాలు ఇన్నేళ్ళుగా నోట్లోనే ఉన్నాయి. కీర్తనంతా చెప్పి, "పడుకో అమ్మా" అన్నారు. నేను ఆ రాత్రి చార్టు గురించి ఏడ్చానో, జీతం గురించి ఏడ్చానో నాకే తెలియదు.

ఆ తర్వాత నుంచి ఆవిడని గమనించడం మొదలుపెట్టాను. లేసు అల్లేటప్పుడు ఆవిడ పెదవులు కదులుతూనే ఉంటాయి. సూది దారాన్ని అందుకుంటుంది, ముడిలోంచి లాగుతుంది, వాక్యంలో ఒక మాట బయటికొస్తుంది. మళ్ళీ అందుకుంటుంది, మళ్ళీ ఒక మాట. దారం తెగితే వాక్యమూ ఆగుతుంది. ఒక్కోసారి పువ్వు మొత్తం పూర్తయ్యేదాకా ఒకే వచనం. ఎప్పుడు అడిగినా "ఏదో గొణుక్కుంటున్నాలే" అనేవారు.

ఆ గొణుగుడే ధ్యానమని నాకు తర్వాత తెలిసింది. మొదటి కీర్తనలో "దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు" అని ఉంది కదా, అక్కడ హెబ్రీలో ఉన్న మాట హాగా. నోట్లో నోట్లో అనుకోవడం, గొణగడం, మూలగడం అని దానికి అర్థాలు. యెషయా గ్రంథంలో హిజ్కియా రాజు జబ్బు నుంచి లేచి "గువ్వవలె మూల్గితిని" అంటాడే, అక్కడా అదే మాట. సింహం తనకు దొరికిన వేట మీద గుర్రుమనడానికీ అదే. అంటే నిశ్శబ్దంగా కళ్ళు మూసుకుని మనసు ఖాళీ చేసుకునే పని కాదన్నమాట. మనసు నింపుకునే పని. అదీ నోటితో, గొంతుతో. మా స్టాఫ్ రూమ్‌లో ఒక సిస్టర్ "ధ్యానం మనది కాదు కదా" అని నిజంగానే భయపడుతూ అడిగారు. మొదటి కీర్తనా, యెహోషువ 1:8 తీసి చూపించాను. మన గ్రంథంలో ఉన్నదాన్ని మనమే మనది కాదనుకోవడం నాకు బాధగా ఉంటుంది.

నరసాపురంలో పుట్టినదాన్ని కాబట్టి ఇంకో సంగతి కూడా రాసుకోవాలి. 1836లో గ్రోవ్స్ అనే మిషనరీ గారి వెంట ఇంగ్లండ్ నుంచి బయల్దేరి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మన ఊళ్ళో స్థిరపడి గోదావరి డెల్టాలో సేవ మొదలుపెట్టారు. ఆ గ్రోవ్స్ గారూ, బ్రిస్టల్‌లో అనాథ పిల్లల కోసం పెద్ద పెద్ద ఆశ్రమాలు కట్టిన జార్జి ముల్లర్ గారి భార్యా తోడబుట్టినవాళ్ళు. ముల్లర్ గారు 1841లో తన అనుభవం ఒకటి రాసుకున్నారు. అంతకుముందు ఆయన పొద్దున్నే లేవగానే ప్రార్థనకి కూర్చునేవారట. మనసు కుదురుకోవడానికే ఒక్కోసారి అరగంట పట్టేదట. అలాంటిది ముందు వాక్యం తీసుకుని, దాంట్లో నా ప్రాణానికి ఆహారం ఏముందని వెతుక్కుంటూ ధ్యానించడం మొదలుపెట్టాక, ప్రార్థన దానంతటదే వచ్చేదని రాశారు. తర్వాతి రోజుల్లో రెండు వేల మంది పిల్లలకి అన్నం పెట్టే బాధ్యత మోసిన మనిషి. ఆయన టెన్షన్ ముందు నాదెంత? అంతటి మనిషి కూడా లేవగానే తన ప్రాణానికి తిండి పెట్టుకున్నాకే మిగతా పని చూసుకునేవారు. అత్తయ్య అల్లే ఈ లేసు కూడా ఆ రోజుల్లో మిషనరీ దొరసానులు మన ఆడవాళ్ళకి నేర్పిందే. సూదీ, వాక్యం ఒకే దారిలో మన ఇంటికి వచ్చాయి.

ఇక ఇవాళ్టి వాక్యం.

పొద్దున పెరట్లో నన్ను ఆపేసిన మాట "సముదాయించుకొని". మా ఇంట్లో ఈ మాట ఏడ్చే పిల్లల దగ్గరే వాడతాం. పిల్ల కిందపడితే ఎత్తుకుని, వీపు నిమిరి, కాకిని చూపించి సముదాయిస్తాం. ఈ కీర్తన చెప్పిన దావీదు తన ప్రాణాన్నే అలా ఎత్తుకున్నాడు! నేను ఇన్నాళ్ళూ నా ప్రాణాన్ని ఏం చేశానంటే, కసిరాను. "నీకు విశ్వాసం లేదు, ఇన్నేళ్ళు కూడికకి వెళ్ళి నేర్చుకున్నది ఇదేనా" అని లోపల ఒకటే తిట్లు. ఏడ్చే పిల్లని కసిరితే ఏడుపు పెరుగుతుందని ఏ తల్లికైనా తెలుసు. నా విషయంలో నాకే తోచలేదు.

తర్వాత "చనుపాలు విడిచిన పిల్ల". ఇక్కడ చాలాసేపు ఉండిపోయాను, ఎందుకంటే పాపకి పాలు మాన్పించిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు దానికి రెండేళ్ళు దాటాయి. అత్తయ్య వేపాకు నూరి ఇస్తే రాసుకున్నాను. మొదటి రాత్రి చేదు తగిలి నా మొహంలోకి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. నేనేదో ద్రోహం చేసినట్టు. రెండో రాత్రి గుక్కపట్టి ఏడ్చింది. మూడో రాత్రి నా వైపు తిరగనే లేదు, వాళ్ళ నాన్న దగ్గర పడుకుంది. నాలుగో రాత్రి అనుకుంటా, తనే వచ్చింది. రవిక దగ్గర వాసన చూసింది. అడగలేదు. తల నా గుండె మీద ఆనించి, నా గాజు ఒకటి పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ, అలాగే నిద్రపోయింది. అప్పటిదాకా అది ఎప్పుడొచ్చినా పాల కోసమే వచ్చేది. ఆ రాత్రి నా కోసం వచ్చింది. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

ఆ గాజు గుర్తొచ్చేసరికి పెరట్లో వాక్యం ముందుకి సాగలేదు. నవంబరు నుంచి నేను ప్రభువు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ జీతం కోసమే వెళ్ళాను. అడగడం తప్పని నేను అనుకోవడం లేదు. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని అడగమని నేర్పింది ఆయనే. రేపూ అడుగుతాను. కానీ పాలు దొరకలేదని మొహం తిప్పుకుని మూడో రాత్రిలోనే ఉండిపోయాను. ఇవాళ ఏమీ అడగకుండా కాసేపు అలా ఆనుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. గుడి మైకు మొదలయ్యాక లేచి స్టవ్ వెలిగించాను.

ఎనిమిదింటికి మాధవాయిపాలెం రేవులో, గోదావరి దాటించే పంటు ఎక్కాను. బైకులు, పాల క్యాన్లు, చేపల బుట్టలు, అటువైపు బళ్ళకి వెళ్ళే మా టీచర్లు. నేను రెయిలింగ్ దగ్గర నిలబడతాను. ఇంజను మోత వల్ల పక్కనున్నవాళ్ళకి కూడా నా గొంతు వినపడదు కాబట్టి పైకే చెప్పుకోవచ్చు. "నిమ్మళపరచుకొని యున్నాను." గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. "సముదాయించుకొని యున్నాను." 27వ తేదీన గాజుల మీద వడ్డీ కట్టాలి. ఇదిగో, ఇలాగే మనసు పరుగెత్తుతుంది. ఇదివరకైతే ఇక్కడే నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఇవాళ తిట్టుకోలేదు. చెయ్యి పట్టుకుని తెచ్చినట్టు మళ్ళీ మొదటి మాట దగ్గరికి తెచ్చాను. సఖినేటిపల్లి ఒడ్డు వచ్చేలోపు ఆరేడు సార్లయినా తెచ్చి ఉంటాను.

మూడో పీరియడ్‌లో నోట్సు తేలేదని ఆరో తరగతి పిల్లాడి మీద గట్టిగా అరిచాను. వాక్యం నోట్లో పెట్టుకున్న రోజే అలా అరవడం నాకు సిగ్గుగా అనిపించింది. మధ్యాహ్నం పిలిచి, అన్నం తిన్నావా నాన్నా అని అడిగాను. తలూపాడు, మాట్లాడలేదు. రేపు మళ్ళీ అడుగుతాను.

రాత్రి ఏడున్నరకి ఆయన వీడియో కాల్ చేశారు. వెనక గదిలో మిగతావాళ్ళు వంట చేసుకుంటున్నారు.

"ఏమైనా చెప్పారాండీ?"

"ఇంకా లేదు. వచ్చే వారం అంటున్నారు. పోయిన వారమూ అదే అన్నారు."

ఇదివరకైతే ఈ మాటతో ఇద్దరం కుంగిపోయి ఫోన్ పెట్టేసేవాళ్ళం. ఇవాళ కూడా గుండెలో ఒక్కసారి కలుక్కుమంది, కాదనను. కానీ "ఒక వాక్యం చెప్పనా?" అన్నాను. కీర్తన చెప్పాను. పాలు మాన్పించిన రాత్రి సంగతి కూడా చెప్పాను. పాప మూడో రాత్రి తన దగ్గర పడుకున్నది ఆయనకి గుర్తుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ చేత చెప్పించి వాయిస్ పెట్టు. పొద్దున బస్సులో వింటాను" అన్నారు.

అత్తయ్యకి మొదటి వచనమే సరిగ్గా గుర్తుంది. రెండోది నేను ఒక్కో ముక్క అందిస్తుంటే ఆవిడ చెప్పారు. మూడోది కూడా చెప్పించాను. "ఇశ్రాయేలూ, ఇది మొదలుకొని నిత్యము యెహోవామీదనే ఆశ పెట్టుకొనుము." రేపు నాకు వచనం ఇదే. రికార్డయిన దాంట్లో వెనకాల సూది అల్యూమినియం గిన్నెకి తగిలిన చప్పుడు కూడా ఉంది. చెరిపి మళ్ళీ చేద్దామంటే వద్దన్నారు. అలాగే పంపాను.

అత్తయ్య దారం కత్తిరించి, పూర్తయిన పువ్వుని మోకాలి మీద పరిచి చేత్తో సాపు చేస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. కొత్త వచనమే అనుకుంటా, మధ్యలో ఆగి ఆగి చెప్పుకుంటున్నారు.

ఇప్పుడే ఫోన్ చూశాను. వాయిస్ పక్కన మైకు గుర్తు నీలం రంగులోకి మారింది. పొద్దుటి దాకా ఆగలేదు, విన్నారు.