కుక్క కొరికిన ఎముక

ఆదివారం రాత్రి

పుణె డెక్కన్ కాలేజీలో ఆర్కియాలజీ ఎమ్మేకి అప్లై చేస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న. బీజెడ్‌సీ చదివిన పిల్ల బీఈడీ చేయాలి, లేదా గ్రూప్స్‌కి ప్రిపేర్ కావాలి గానీ, మధ్యలో ఈ కుక్కల ఎముకలేంటని. తవ్వకాల్లో దొరికే ఎముకల్ని బట్టి పాతకాలం కుక్కల సంగతి చదవాలన్నది నా ఆశ. ఇంటర్వ్యూలో ఇదే అడిగితే తడబడకుండా చెప్పాలి. ఈ రోజంతా ఆ ఆలోచనతోనే తిరిగాను.

పొద్దున మక్తల్ నుంచి ఒకాయన పొట్టేళ్లు చూడ్డానికి వచ్చాడు. నాయిన రేటు చెప్పకముందే ఒక పొట్టేలును మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని, కింది పెదవిని బొటనవేలితో లాగి చూశాడు. గొర్రెకు పైన ముందు పళ్లుండవు, చూసేదంతా కింది వరసే.

"రెండు పండ్లదే గదనే" అన్నాడు.

"మంచిగ జూడు, పక్క పండు కదులుతున్నది. నెల తిరిగేసరికి నాలుగేస్తది" అని నాయిన.

ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య మొదటి జత పాలపళ్లు ఊడి పెద్ద పళ్లొస్తాయి. తర్వాత ఒక్కో జతా మారుతూ నాలుగేళ్లకల్లా ఎనిమిదీ నిండుతాయి. మా కురుమోళ్ల ఇళ్లలో ఇది పుస్తకం చూసి నేర్చుకునే సంగతి కాదు. అయితే పుస్తకాల్లోనూ ఉంది. తవ్వకాల్లో దొరికిన దవడను పట్టుకుని, ఏ పన్ను వచ్చింది, ఏది ఎంత అరిగింది అని చూసి ఆ జీవం ఏ వయసులో చచ్చిందో లెక్కగడతారు. ముందు పళ్లు మట్టిలో ఊడిపోతాయి గనక ఎక్కువగా దవడ పళ్లే చూస్తారు. సెబాస్టియన్ పేన్ అనే ఆయన 1973లో టర్కీలోని అష్వాన్ కలె అనే చోట దొరికిన గొర్రె, మేక దవడలతో ఈ పద్ధతి చూపించాడు. పడుచు పోతుల్నే ఎక్కువగా కోసుంటే అది మాంసానికి పెంచిన మంద. ముసలిదాకా ఉంచుకున్నవి ఎక్కువుంటే ఉన్నికి పెంచినట్టు. ఇదంతా చెప్తే నాయిన, "మరి మాకు తెల్వదా బిడ్డా? మందను జూస్తే యజమాని సంగతి తెలుస్తది" అన్నాడు. నాకు చాలా సంతోషమైంది. ఆ మాట అలాగే నోట్సులో రాసుకున్నాను.

బేరం కుదరలేదు. మంగళవారం మళ్లీ వస్తానన్నాడు.

మధ్యాహ్నం మటన్, జొన్నరొట్టె. తిన్నాక ఎముకలు పారేయొద్దని అమ్మకు ముందే చెప్పి పెట్టాను. జబ్బ ఎముక ఒకటి కొట్టకుండా నిండుగా ఇమ్మని మటన్ కొట్టు అన్నను కూడా అడిగాను. దాన్ని మా కుక్క మోతికి వేసి, వేపచెట్టు కింద పీట వేసుకుని కూర్చున్నాను. మోతి ఆ ఎముకను ముందుకాళ్ల మధ్య నిలబెట్టి, ముందు భుజం వైపు గుండ్రటి కొసను పట్టింది. ఆ కొస లోపలంతా స్పాంజిలా ఉంటుంది, కొవ్వు నిండుగా ఉంటుంది. పైగా ఎదిగే జీవంలో అది ఆలస్యంగా అతుక్కుంటుంది. పక్క దవడతో కరకరా నమిలి కాసేపట్లోనే దాన్ని పూర్తిగా తినేసింది. మోచేతి వైపు కొస మాత్రం గట్టిది. దాన్ని అటూ ఇటూ తిప్పి, నాకి, కొరికి, చివరికి వదిలేసింది.

అది వదిలేసి పోయాక కడిగి చూశాను. తిన్న వైపు గొట్టంలా తెరుచుకుని, అంచు రంపంలా ఉంది. నడిమి భాగం మీద సూదిమొన లాంటి గుంటలు, కోరపన్ను జారిన చోట అడ్డంగా గీతలు. గీత అడుగు గుండ్రంగా, గరుకుగా ఉంది. కత్తి గాటు అలా ఉండదు, సన్నగా, లోతుగా, వి ఆకారంలో దిగుతుంది. అదే ఎముక మీద కొట్టాయన కత్తి తగిలిన చోటు ఒకటుంది. రెండూ పక్కపక్కన కనిపించేసరికి ఫోన్ కెమెరాతో ఎన్ని ఫొటోలు తీశానో.

1960లలో సి.కె. బ్రెయిన్ అనే శాస్త్రవేత్త నమీబియాలో కుయిసెబ్ నది ఒడ్డు పల్లెల్లో ఇదే పని చేశాడు. అక్కడ జనం తిని పారేసిన మేక ఎముకల్ని కుక్కలు నమిలాక ఏవి మిగిలాయో ఏరి లెక్కపెట్టాడు. జబ్బ ఎముకల్లో మోచేతి వైపు కొసలు బోలెడు మిగిలాయి, భుజం వైపువి పోయాయి. ఈ రోజు మోతి చేసిందీ అదే. ఈ లెక్క వచ్చాక పాత ఎముకల కుప్పల్ని చూసే తీరు మారింది. ఒక భాగం దొరకలేదంటే మనుషులే దాన్ని వేరేచోటికి తీసుకుపోయారని అనుకోనక్కర్లేదు, కుక్క తినేసి ఉండొచ్చు.

నేను చదవాలనుకునేది ఇక్కడే ఉంది. మన దక్కనులో పాత ఊళ్లు తవ్వితే ఆవులు, ఎద్దులు, గొర్రెలు, మేకల ఎముకలే ఎక్కువ. కుక్కవి దొరికినా కొన్నే, అవీ ముక్కలు. కుక్కను కోసుకుని తినకపోతే దాని ఎముకలు వంటింటి చెత్తలోకి ఎందుకొస్తాయి? కానీ కుక్క తిరిగిన ఊళ్లో దాని పళ్ల గుర్తులు గొర్రె ఎముకల మీద మిగలాలి. కుక్క సంగతి కుక్క ఎముకలోనే వెతికితే చాలదని నా నమ్మకం.

పాలమూరులో అలా వెతకడానికి చోట్లు లేకపోలేదు. ఉట్నూరునే తీసుకుంటే (ఆదిలాబాద్ వైపుది కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లాది), 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ బూడిద దిబ్బను తవ్వాడు. పేడ పేరుకుని, కాలి, మళ్లీ పేరుకుని, మళ్లీ కాలి ఏర్పడ్డ దిబ్బ అది. చుట్టూ కర్రలు పాతి కట్టిన దొడ్డి ఆనవాళ్లు, బూడిదలో పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్లు దాటిన దొడ్డి! నాయిన ఎండాకాలం రైతుల చెలకల్లో మంద పెట్టినప్పుడు రాత్రంతా మోతి చుట్టూ తిరుగుతుంటుంది. తోడేలు భయం ఇంకా పోలేదు. కుక్క లేనిదే మంద కాడ కన్ను మూతపడదంటాడు నాయిన. ఉట్నూరు దొడ్డి చుట్టూ రాత్రిపూట ఏం తిరిగేది?

ఇంకో చిక్కు నక్క. మన ఊరకుక్క ఎముక, నక్క ఎముక దగ్గర దగ్గర సైజులో ఉంటాయి. ముక్క దొరికితే ఏది ఏదో చెప్పడం కష్టం. పోల్చి చూడ్డానికి పక్కన పెట్టుకునేది విదేశాల బొచ్చుకుక్క అస్థిపంజరమైతే పని జరగదు, ఇక్కడి ఊరకుక్కదే కావాలి. అందుకే పోయిన చలికాలం రాయచూరు రోడ్డు మీద బండి కింద పడి చచ్చిన కుక్కను తెచ్చి మా చెలక గట్టున పూడ్చాను. వానలు పడి మెత్తబడ్డాక తీసి కడగాలి. పైదవడకు ఇరవై, కిందిదానికి ఇరవై రెండు, మొత్తం నలభై రెండు పళ్లు జాగ్రత్తగా ఏరుకోవాలి. నక్కను మాత్రం అలా తెచ్చుకోకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. దాని కోసమైనా ల్యాబ్ ఉన్న చోటికి పోవాల్సిందే. డెక్కన్ కాలేజీలో జంతువుల ఎముకలు చదివేవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఉన్నారు. పుణె అని పట్టుబట్టడానికి కారణం అది.

సాయంత్రం అమ్మ మిగిలిన రొట్టె చించి మోతికి వేస్తుంటే, 2013లో స్వీడన్ వాళ్లు కనుక్కున్న సంగతి చెప్పాను. పిండి పదార్థం అరగడానికి పనికొచ్చే ఒక జన్యువు తోడేలులో రెండే కాపీలుంటే, చాలా కుక్కల్లో ఎన్నో ఉంటాయి. మనిషి తిండి తిని తిని కుక్క ఒళ్లే మారింది. అమ్మ అంతా విని, "రొట్టె తినే కుక్కే నమ్మకంగ ఉంటది" అంది.

తర్వాత బాన్-ఒబర్‌కాసెల్ కుక్కపిల్ల కథ చెప్పాను. ఈ సబ్జెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇది. 1914లో జర్మనీలో ఒక క్వారీలో ఇద్దరు మనుషుల సమాధిలో దొరికింది. పద్నాలుగు వేల ఏళ్ల కిందటిది, అప్పటికి వ్యవసాయం లేదు, పెంపుడు గొర్రె లేదు, పెంపుడు ఆవు లేదు. చచ్చేటప్పటికి దాని వయసు ఏడు నెలలు కూడా దాటలేదు. పళ్ల పింగాణీ మీద పడ్డ మచ్చల్ని బట్టి దానికి డిస్టెంపర్ అనే కుక్కల అంటురోగం లాంటిది వచ్చి, తగ్గి, మళ్లీ తిరగబెట్టిందని 2018లో తేల్చారు. ఆ రోగమొచ్చిన పిల్ల తనంతట తాను బతకదు. వాంతులు, విరేచనాలు. ఎవరో దాన్ని వెచ్చగా ఉంచి, కడిగి, నీళ్లు పట్టి వారాల పాటు చూసుకున్నారు. వేటకు రాదు, కాపలాకు రాదు, అయినా చూసుకున్నారు. కుక్క మనకు ఉపయోగపడింది కాబట్టే దగ్గరైందని రాసేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆ పిల్లను సాకినవాళ్లకు దాంతో ఏం ఉపయోగం?

అమ్మ ఏమీ అనలేదు. కాసేపాగి, "పుణెల హాస్టల్ ఉంటదా?" అని అడిగింది. మా ఊరి నుంచి ఎందరో పుణె పోయారు, మట్టిపనికి, బిల్డింగుల పనికి. అమ్మకు ఆ ఊరంటే రేకుల షెడ్డు, నీళ్ల క్యూ. చదువుకోడానికి పుణె పోయినవాళ్లను ఆమె చూడలేదు, ఆమె టెన్షన్ నాకర్థమవుతుంది. కృష్ణా స్టేషన్‌లో రైలెక్కితే షోలాపూర్ మీదుగా నేరుగా పోవచ్చని, హాస్టల్ గురించి కనుక్కుని చెప్తానని అన్నాను. నాయిన పక్క మంచం మీంచి, "పోనియ్యవే. గొర్ల పండ్లు జూసుడు మన పిల్లకు ఒగలు నేర్పాల్నా" అన్నాడు.

ఇంటర్వ్యూకి ఉట్నూరు, మోతి వదిలేసిన ఎముక, ఈ రెండే చాలనుకుంటున్నాను. ఎముకను బ్లీచింగ్ లేకుండా ఉత్త నీళ్లలో నానబెట్టాను, ఆరాక కొలతలు తీసి తేదీ రాసి కవర్లో వేయాలి. రేపు డిగ్రీ మార్కుల మెమోలు జిరాక్స్ తీయించాలి. మటన్ కొట్టు అన్నను గొర్రెదొకటి, మేకదొకటి ముందుకాళ్ల గిట్టల పైనుండే ఎముకలు అడగాలి. వాటి కింది కొసల్లో గొర్రెకూ మేకకూ తేడా తెలుస్తుందట, కళ్లతో చూడాలి.