తాతయ్య చొక్కా సగమే తడిసింది

మా ఇంట్లో రోజూ వినపడే ఇంగ్లిషు మాట ఒకటుంది: "దట్స్ నాట్ ఫెయిర్." బాబుకి పన్నెండేళ్ళు, పాపకి ఎనిమిది. కేకు ముక్క దగ్గర, కారులో కిటికీ పక్క సీటు దగ్గర, ఐప్యాడ్ దగ్గర ఆ మాట రావాల్సిందే. ఇక్కడ కెనడా బడుల్లో చిన్న తరగతుల నుంచే పిల్లలకి ఇది బాగా ఒంటబడుతుంది. మంచిదే. తన వంతు వచ్చేదాకా ఆగడం, పక్కవాడి వంతు లాక్కోకపోవడం రావాలి కదా. నేను కూడా ఫ్రిజ్ మీద ఒక పట్టిక అతికించాను. పక్క సర్దితే ఒక చుక్క, గిన్నెలు కడిగితే ఒక చుక్క, తెలుగు ఒక పేజీ రాస్తే రెండు. పది చుక్కలైతే అరగంట ఐప్యాడ్.

నాకు ఆ పద్ధతి మీద గట్టి నమ్మకం, ఎందుకంటే నేను బతికిందే అలాగ. మాది శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర పల్లె. కెనడాకి వచ్చింది పాయింట్ల మీద. 2015 జనవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వలస పద్ధతి మొదలైంది, ఆ మరుసటి ఏడాది మేమూ పేరు పెట్టుకున్నాం. వయసుకి ఇన్ని, చదువుకి ఇన్ని, ఇంగ్లిషుకి ఇన్ని, ఉద్యోగంలో గడిపిన ఏళ్ళకి ఇన్ని అని మొత్తం 1200కి లెక్క కడతారు. నాలుగు పాయింట్ల కోసం ఇంగ్లిషు పరీక్ష రెండోసారి రాశాను. వచ్చింది ఊరికే రాలేదు, కష్టపడితే వచ్చింది, అని పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో.

"చేసుకున్నవాడికి చేసుకున్నంత" అనేది మా నాయనమ్మ. ఆవిడ చర్చి మానిన ఆదివారం లేదు, అయినా ఆ సామెత మాత్రం వదల్లేదు. నేనూ వదల్లేదు.

తమ్ముడి సంగతి చెప్పాలి. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఆన్‌లైన్ పేకాటలో పడ్డాడు. నాన్న బడిపంతులుగా రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో సగానికి పైగా అందులోనే పోసేశాడు. ఊళ్ళో ఆరుగురి దగ్గర చేబదులు తీసుకున్నాడు. ఒక రాత్రి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు, ఫోను నంబరు కూడా మార్చేశాడు. మరుసటి ఏడాది అమ్మ పోయింది. నేను టొరంటో నుంచి విమానాలు మారి ఇల్లు చేరేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. వాడు రానే లేదు. కబురు పెట్టడానికి వాడెక్కడున్నాడో ఎవరికీ తెలీదు.

ఆ చేబదుళ్ళన్నీ నేనే తీర్చాను. ఎవరికి ఎంత, ఏ నెలలో పంపానో నీలం అట్ట డైరీలో రాసి పెట్టుకున్నాను. నాలుగు లక్షల అరవై వేలు.

అప్పటి నుంచి ఫోన్లో నాన్న వాడి మాట ఎత్తితే "నీ కొడుకు" అనేదాన్ని. పిల్లల ముందు అయితే "తాతయ్యగారి అబ్బాయి". పాప ఒకసారి, "తాతయ్యకి అబ్బాయి అయితే నీకేమవుతాడు?" అని అడిగింది. ఇంగ్లిషులో పెదనాన్న, బాబాయి, మావయ్య అందరూ అంకులే. తెలుగులో ఒక్కో వరసకీ ఒక్కో మాట ఉంది, ఆ మాట నేర్పితే మనిషిని కూడా ఇవ్వాలి. నా పిల్లలకి అక్షరాలు, ఎక్కాలు, ప్రభువు నేర్పిన ప్రార్థన, అన్నీ తెలుగులో నేర్పాను. మావయ్య అనే మాట మాత్రం నేర్పలేదు.

కిందటి జూలైలో ఇండియా వెళ్ళాం. విశాఖలో దిగి కారులో శ్రీకాకుళం దాటి, మడపాం దగ్గర వంశధార వంతెన ఎక్కేసరికి రెండు పక్కలా ఉభాలు, అంటే వరినాట్లు, జరుగుతున్నాయి. ఆడవాళ్ళు వరసగా వంగి నాటుతుంటే పిల్లలు కిటికీకి అతుక్కుపోయారు. నాన్న పిల్లల కోసమని సంక్రాంతి నుంచి ఒక నాటుకోడిపుంజుని పెంచుతున్నాడు. "మనవలు వెళ్ళే ముందు రోజు దీన్ని కోస్తాను" అని మొదటి రోజే వాళ్ళకి చూపించాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఫోన్ మోగింది. నాన్న పెద్దగా ఏమీ మాట్లాడలేదు. "అక్కడే ఉండు" అన్నాడు. గొడుగు తీశాడు. డెబ్భై మూడేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, పైగా వాన. ఎక్కడికి నాన్నా అంటే, "నౌపడ స్టేషన్లో దిగాడట. ఆటో డబ్బులు ఉన్నాయో లేవో" అని మెట్లు దిగిపోయాడు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

గంటన్నర తర్వాత ఇద్దరూ వచ్చారు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. బాబు పరిగెత్తుకొచ్చి, "అమ్మా, తాతయ్య చొక్కా సగమే తడిసింది" అన్నాడు. కుడి భుజం నుంచి నడుం దాకా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, ఎడమ పక్క పొడిగా ఉంది. పక్కన నిలబడ్డవాడి మీద చుక్క పడలేదు. చిక్కిపోయాడు, గెడ్డం మాసిపోయి ఉంది. తలెత్తి చూసినవాడల్లా నన్ను చూసి మళ్ళీ దించేసుకున్నాడు.

ఆ రాత్రే కోడిపుంజుని కోయించాడు నాన్న.

నేనే వండాను. వడ్డించాను కూడా. అందరికీ అడిగి పెట్టి, వాడి కంచంలో మాత్రం అడక్కుండా పెట్టి వెళ్ళిపోయాను. నాన్న తన కంచంలోని కాలు ముక్క తీసి వాడి కంచంలో వేశాడు. వాడు దాన్ని చాలాసేపు ముట్టుకోలేదు. మెతుకులు కలుపుతూనే ఉన్నాడు.

కరెంటు పోయింది. దోమతెరలో పడుకున్నాక బాబు మెల్లగా మొదలుపెట్టాడు. "అమ్మా, ఆయన తాతయ్య డబ్బు తీసుకున్నాడు కదా? అప్పులు నువ్వు కట్టావు కదా? నానమ్మ..." ఇక్కడ వాడు తడబడ్డాడు, అమ్మమ్మ అని దిద్దుకున్నాడు, "అమ్మమ్మ చనిపోయినప్పుడు రాలేదు కదా? మరి మన కోడి ఆయనకెందుకు? దట్స్ నాట్ ఫెయిర్."

నా మనసులో ఉన్నదంతా నా కొడుకు నోట్లోంచి వచ్చింది. పడుకో అన్నాను.

బైబిల్లో లూకా 15వ అధ్యాయం నాకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. పరిసయ్యులూ శాస్త్రులూ, అంటే ఆనాటి యూదు మతపెద్దలు, ఈయన పాపుల్ని చేర్చుకుని వాళ్ళతో కలిసి తింటున్నాడని సణిగినప్పుడు యేసు చెప్పిన కథలు అవి: తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, తప్పిపోయిన కుమారుడు. మూడో కథలో చిన్నకొడుకు తన వాటా తీసుకుపోయి తగలేసి తిరిగొస్తే తండ్రి విందు చేస్తాడు. సండే స్కూల్లో అది చెప్పినప్పుడల్లా మేమంతా చిన్నవాడి వైపే ఉండేవాళ్ళం. పెద్దవాడు ఎవరికీ గుర్తుండేవాడు కాదు. ఆ రాత్రి నాకు పెద్దవాడే గుర్తొచ్చాడు. పొలం నుంచి వచ్చి, పాటలూ సందడీ విని, లోపలికి రానని బయటే నిలబడ్డవాడు. ఇన్నేళ్ళు చాకిరీ చేశాను, నాకు ఒక్క మేకపిల్లనైనా ఇచ్చావా అని అడిగినవాడు. లెక్క ప్రకారం వాడు అన్నదాంట్లో తప్పేముంది?

ఫోన్ వెలుతురులో మళ్ళీ చదివాను. పెద్దవాడు తండ్రితో "నా తమ్ముడు" అనడు, "ఈ నీ కుమారుడు" అంటాడు. తండ్రి తిరిగి చెప్పేటప్పుడు "ఈ నీ తమ్ముడు" అంటాడు. ఇన్నిసార్లు చదివినా ఆ రెండు మాటలూ నా కంట పడలేదు. నీ కొడుకు, నీ కొడుకు అని ఇన్నేళ్ళూ ఫోన్లో నేనన్నది అదే మాట.

ఇంకో సంగతి. తండ్రి బయటికొచ్చి పెద్దవాడిని బతిమాలతాడు, కానీ వాడు లోపలికి వెళ్ళాడా లేదా అన్నది కథలో లేదు. అక్కడితో ఆగిపోతుంది.

పొద్దున్న బాబు నన్ను వదిలేసి తాతయ్యని పట్టుకున్నాడు. అరుగు మీద చోడి అంబలి తాగుతూ కూచున్నాడు నాన్న. ప్రశ్న విని నవ్వలేదు, కసరలేదు. "ఫెయిర్ కాదురా" అన్నాడు. "ముమ్మాటికీ కాదు." తర్వాత ద్రాక్షతోట పనివాళ్ళ కథ చెప్పాడు, మత్తయి 20లోది. మా చిన్నప్పుడు మాకు చెప్పినట్టే, ద్రాక్షతోట తీసేసి ఉభాలు పెట్టి. ఒక బుగత, అంటే భూస్వామి, తెల్లారే కూడలికి వెళ్ళి కూలోళ్ళని పిలిచాడు. తొమ్మిదింటికి వెళ్ళాడు, పన్నెండుకి, మూడుకి. సాయంత్రం అయిదుకి వెళ్తే ఇంకా కొందరు నిలబడే ఉన్నారు. ఏటర్రా ఇలా నిలబడ్డారంటే, మమ్మల్ని ఎవరూ పన్లోకి పిలవలేదు బాబూ అన్నారు. వాళ్ళనీ తీసుకెళ్ళాడు. పొద్దుగూకాక, ఆఖర్న వచ్చినవాళ్ళతో మొదలుపెట్టి, అందరికీ ఒకటే కూలి, పూర్తి రోజు కూలి. గంట చేసినోడికీ అంతే, పగలంతా ఎండలో మాడినోడికీ అంతే.

బాబు కాసేపు ఆలోచించాడు. "ముందొచ్చిన వాళ్ళకి ముందే ఇచ్చి పంపేస్తే గొడవే ఉండదు కదా? వాళ్ళకి తెలిసేదే కాదు."

నాన్న గ్లాసు కింద పెట్టాడు. "అదేరా! కావాలనే ఆఖరి వాళ్ళకి ముందు ఇచ్చాడు. మిగతావాళ్ళు చూడాలని." అలా ఇచ్చినందుకు వాళ్ళు సణిగితే ఆ యజమాని, నేను మంచివాడినైనందుకు నీకు కడుపుమంటా అని అడుగుతాడు. మన తెలుగు బైబిలులో కడుపుమంట అనే ఉంటుంది. ఆ మాట వినగానే గుమ్మంలో నిలబడ్డ నాకు ఛాతీలో ఏదో తగిలింది. "గంట కూలి చేతిలో పెడితే ఆడింట్లో ఆ రాత్రి పొయ్యి వెలగదు. బుగత చూసింది పనిని కాదు, ఆకలిని" అన్నాడు నాన్న.

"నువ్వైనా ఆయన్ని ఒక్క మాట అనలేదే?" అని బాబు వదల్లేదు. అప్పుడు నాన్న చెప్పింది నాకూ కొత్తే. మా తాత ఒక బుగత ఇంట్లో కంబారి. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం అని కుదిరిన మనిషి. నాన్నని మిషను హాస్టల్లో చేర్చారు, తిండీ బట్టా ఉచితం. ఆరో తరగతిలో నాన్న ఆ హాస్టల్ కొట్లోంచి బియ్యం దొంగతనం చేసి ఇంటికి మోసుకెళ్తూ దొరికిపోయాడట. వార్డెను ఆ బియ్యం మూటని మళ్ళీ నెత్తికెత్తి, "మీ అమ్మకివ్వు, రేపు పొద్దున్న ప్రార్థనకి వచ్చెయ్" అన్నాడట. "నన్ను పంపేసుంటే నేనూ కంబారినే. మీ అమ్మకి చదువేది, మీకు కెనడా ఏది?"

మా వైపు బొబ్బిలి, పాలకొండ, టెక్కలి, సోంపేటల్లో పనిచేసింది కెనడా బాప్టిస్టు మిషనే. 1874లో కాకినాడలో మొదలుపెట్టి ఉత్తరానికి వచ్చారు. ఆ బడులకీ హాస్టళ్ళకీ డబ్బు ఆ దేశపు చర్చిల్లో మామూలు జనం, ముఖ్యంగా ఆడవాళ్ళు, వేసిన కానుకల్లోంచి వచ్చేది. నాన్న ముఖం కూడా చూడని వాళ్ళు. 1200కి లెక్కగట్టించుకుని సొంత కష్టంతో వచ్చానని నేను చెప్పుకునే దేశం, నేను పుట్టకముందే మా నాన్న కంచంలో అన్నం పెట్టింది. దానికి నా దగ్గర ఏ పాయింట్లూ లేవు. ఎఫెసీయులకి రాసిన ఉత్తరంలో అపొస్తలుడు పౌలు కృప గురించి అన్నది అదే కదా, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే అని. ఎవడును అతిశయపడ వీలులేదు అని ఆ వెంటనే ఉంటుంది. చిన్నప్పుడు ఆ వాక్యం అప్పజెప్పి నేను బహుమతి తెచ్చుకున్నాను.

నాన్న కళ్ళు మూసుకోలేదని కూడా రాయాలి, లేకపోతే అబద్ధమవుతుంది. కృప అంటే జరిగింది జరగలేదనుకోవడం కాదు. బ్యాంకు పుస్తకం, ఏటీఎం కార్డు నాన్న దగ్గరే ఉన్నాయి. తమ్ముడి చేతికి బటన్ల ఫోనే ఇచ్చాడు. మూడో రోజున వాణ్ణి వెంటబెట్టుకుని ఆ ఆరుగురి ఇళ్ళకీ వెళ్ళాడు. వాళ్ళ బాకీ తీరిపోయింది, అయినా గుమ్మంలో నిలబడి తప్పయిందని చెప్పించాడు. వాడు ఇప్పుడు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి వెళ్తున్నాడు. ఇంట్లోకి రానివ్వడానికి మాత్రం ఇవేవీ షరతులు కాలేదు. గొడుగు ముందు పట్టాడు, మిగతావన్నీ తర్వాత.

నేను వెంటనే మారిపోలేదు. అమ్మ సమాధి దగ్గరికి వాడు ఒక్కడే వెళ్ళొచ్చిన రోజు కూడా నేను పలకరించలేదు. బయల్దేరే రోజు సూట్‌కేసులు వాడే మోశాడు. కారు డిక్కీ మూసి, "అక్కా, నీ బాకీ..." అన్నాడు, అక్కడే ఆగిపోయాడు. నాకూ మాట రాలేదు. పాప కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "బై మావయ్యా" అంది. ఆ మాట తనకి ఎవరు నేర్పారో నేను అడగలేదు. నాన్నే అయ్యుంటాడు.

ఫ్రిజ్ మీద పట్టిక ఇంకా ఉంది. పిల్లలకి పని అలవాటు కావాలి, అది తీసెయ్యను. శుక్రవారం సాయంత్రాలు మాత్రం ఎన్ని చుక్కలొచ్చాయని చూడకుండా ఇద్దరికీ ఐప్యాడ్ ఇస్తున్నాను. మొదటి వారం బాబు గొడవ పెట్టాడు, చెల్లికి ఆరు చుక్కలే ఉన్నాయని. రెండో వారం వాడికే నాలుగున్నాయి. ఏమీ అనలేదు.

నీలం డైరీ సొరుగులోనే ఉంది. చింపలేదు. చింపాలని ఒకటి రెండుసార్లు బయటికి తీశాను. రాత్రి ప్రార్థనలో పిల్లలు "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అనే చోటికి వస్తారు. ఋణం అంటే ఏంటని బాబు అడిగితే అప్పు అని చెప్పాను. అది చెప్పినప్పటి నుంచి ఆ మాట దగ్గర వాడు కళ్ళు తెరిచి నా వైపు చూస్తున్నాడు. నేనూ వాళ్ళతో కలిసే అంటున్నాను, కొంచెం మెల్లగా.