పెద్ద ‘టి’, చిన్న ‘టి’

బీరువా సర్దుతుంటే పాత ప్రింటు కాగితం ఒకటి దొరికింది. యూజ్‌నెట్ అనే పాతకాలపు ఇంటర్నెట్ చర్చల వ్యవస్థలోని తెలుగు వేదికలో వచ్చిన ఉత్తరం. అప్పట్లో తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లోనే రాసుకునేవాళ్లం. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో చిన్న ‘టి’ కొడితే త, పెద్ద ‘టి’ కొడితే ట. వేళ్లకు అలవాటయ్యేదాకా ‘తాత’ కాస్తా ‘టాట’ అయ్యేవాడు!

కాగితంలో ఉన్నది ఒక పద్యంలో యతి కుదిరిందా లేదా అన్న వాదన. అవతలివారి ప్రతి వాక్యం ముందూ బాణం గుర్తు, దాని కింద ఓపికగా జవాబు. చివర్లో, ‘మీరు చెప్పిందే సరి, నేను పొరబడ్డాను’ అని ఒప్పుకోలు. ఆ వాక్యం కింద అప్పుడే పెన్సిలుతో గీత గీసుకున్నాను.

తర్వాత ఈమెయిల్ గుంపులు వచ్చాయి. యూనికోడ్ పుణ్యమా అని మన లిపిలోనే రాసుకోగలిగాం. మా గుంపు ఉన్న సేవ 2020 డిసెంబరులో మూతపడింది. దాచుకోని ఉత్తరాలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు ఫోనులో తెలుగు ఎంత హాయిగా వస్తుందో! కానీ వాట్సాప్‌లో పొద్దున మొదలైన మంచి చర్చ, సాయంత్రానికి శుభాకాంక్షల బొమ్మల కింద పూడుకుపోతోంది. ఎవరు ఎవరికి జవాబిచ్చారో వెతికినా దొరకదు.

ఈ కాగితాన్ని రేపు స్కాన్ చేయిస్తున్నాను. మీ దగ్గరా ఇలాంటివి ఉంటే దయచేసి పారేయకండి, నాకు చెప్పండి.